లైనక్స్ సర్వర్‌లో మీడియావికీ: వైజాగ్‌లో మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్‌లో ఒక లైబ్రరీ గ్రూపుకి, ఒక స్కూల్ పూర్వ విద్యార్థులకి, గాజువాకలో ఒక చిన్న వర్క్‌షాపుకి వికీలు పెట్టి ఇచ్చాను. ముగ్గురూ దాదాపు ఒకే సందేహాలు అడిగారు, వాళ్ళ స్నేహితులు ఫోన్ చేసి మళ్ళీ అవే అడిగారు, అందుకే అన్నీ ఒక చోట రాసి పెడుతున్నా. మీకు ఏ ప్రశ్న అవసరమో అక్కడికే వెళ్ళి చదువుకోండి, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. కమాండ్లు, ఫైలు పేర్లు మనం పలికేట్టుగా తెలుగులోనే రాశా, సర్వర్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

## మొదలుపెట్టే ముందు

వికీ అంటే వికీపీడియానే కదా, మాకు సొంతంగా ఒకటి ఎందుకు?

వికీపీడియా ఒక వికీ, అంతే. ఎవరైనా బ్రౌజర్‌లోనే పేజీ తెరిచి దిద్దగలిగి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మొత్తం చరిత్ర దాచుకునే సైట్‌ని వికీ అంటారు. మొదటిది 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ పెట్టాడు, హొనొలులు ఎయిర్‌పోర్ట్‌లో తిరిగే "వికీ వికీ" బస్సు పేరే దానికి పెట్టాడు, హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ మీడియావికీ, అది ఓపెన్ సోర్స్, పైసా కట్టకుండా మీ సర్వర్లో పెట్టుకోవచ్చు. మీ వీధి చరిత్రో, మీ వర్క్‌షాపులో లేత్ మిషన్ రిపేరు పద్ధతో వికీపీడియాలో పెడితే ఆధారాలు లేవని తీసేస్తారు, అది వాళ్ళ నియమం, తప్పు కాదు. అలాంటి విషయాలకి మాత్రం సొంత వికీయే సరైన చోటు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెద్దాయన రాసిన మంచి విషయం వారం తిరిగేసరికి గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పడిపోతుంది, వికీలో అయితే పదేళ్ళైనా దొరుకుతుంది.

మీడియావికీ, డోకువికీ, బుక్‌స్టాక్, ఏది పెట్టుకోమంటారు?

పది మంది రాసేది, రెండు మూడొందల పేజీలు దాటదు, డేటాబేస్ గోల వద్దు అంటే డోకువికీ బాగుంటుంది, పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటాయి. కానీ తెలుగులో వాడితే ఒక చిక్కుంది. అది మామూలుగా పేజీ పేరుని ఎన్‌కోడ్ చేసి ఫైలు పేరుగా పెడుతుంది, అప్పుడు ఒక్కో తెలుగు కోడ్‌కి (కంప్యూటర్ ఒక్కో ముక్కగా లెక్కపెట్టే గుర్తు) తొమ్మిది అక్షరాలు పడతాయి, లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే పాతిక పైచిలుకు తెలుగు కోడ్లకే పేజీ పేరు నిండిపోతుంది, గుణింతాలు, ఒత్తులు, పొల్లులు కూడా అందులో లెక్కే. డోకువికీ పెడితే మొదటి రోజే ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలని నేరుగా దాచే పద్ధతి)కి మార్చండి, పేజీలు రాశాక మార్చితే పాత పేజీలు కనబడవు. బుక్‌స్టాక్ పుస్తకం, అధ్యాయం, పేజీ అని వరసగా ఉండే మాన్యువల్స్‌కి చక్కగా సరిపోతుంది. ఊరి చరిత్ర, మనుషులు, వీధులు, ఫోటోలు ఇలా ఒకదానికొకటి లింకులు అల్లుకునే విషయాలైతే నేను మీడియావికీనే పెడతాను, తెలుగులో మెనూలు కూడా దానికి బాగా ఉన్నాయి. కింద జవాబులన్నీ మీడియావికీ గురించే.

ఎంత ర్యామ్ ఉన్న సర్వర్ తీసుకోవాలి?

2 జీబీ తీసుకోండి. 1 జీబీలో నడవదని కాదు, నడుస్తుంది, కానీ ఒకేసారి నలుగురు ఫోటోలు ఎక్కిస్తే మెమరీ చాలక లైనక్స్ వెళ్ళి మరియాడీబీ అనే డేటాబేస్ ప్రోగ్రాంనే ఆపేస్తుంది, సైట్ తెరిస్తే డేటాబేస్ దొరకట్లేదు అని వస్తుంది. 1 జీబీయే ఉంటే కనీసం 2 జీబీ స్వాప్ (డిస్కులో మెమరీలా వాడుకునే చోటు) పెట్టుకోండి. డిస్కు ఎంత కావాలన్నది మీ ఫోటోల మీద ఆధారపడి ఉంటుంది, అక్షరాలకి పెద్దగా పట్టదు.

క్లౌడ్‌కి నెలనెలా డబ్బులెందుకు, ఆఫీసులో పాత కంప్యూటర్ మీద నడిపేయొచ్చా?

లోపల వాళ్ళు మాత్రమే చూసేదైతే నడపొచ్చు, గాజువాక వర్క్‌షాపు వాళ్ళది అలాగే నడుస్తోంది. బయట జనం కూడా చూడాలంటే ముందు మీ బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళని పబ్లిక్ ఐపీ ఇస్తారా అని అడగండి, చాలామంది ఇళ్ళకి ఇచ్చేది అందరూ పంచుకునే ఐపీ, దాని మీదకి బయటినుంచి ఎవరూ రాలేరు. రెండోది మన సముద్రపు గాలి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఒక ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన సీపీయూ మూత తీసి చూస్తే ర్యామ్ స్లాట్ దగ్గర, స్క్రూల మీద తుప్పు పొడిలా రాలింది, రెండేళ్ళు కూడా కాలేదు దానికి. మూడోది కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. మెషిన్ ఊళ్ళోనే పెట్టుకున్నా సరే, బ్యాకప్ మాత్రం ఊరి బయట ఉండాలి.

## ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

లేటెస్ట్ వెర్షన్ దించుకోవాలా, ఎల్‌టీఎస్ దించుకోవాలా?

ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్. మామూలు వెర్షన్లు ఆరు నెలలకోసారి వస్తాయి, ఏడాదికే మద్దతు అయిపోతుంది, మన గ్రూపుల్లో ఆరు నెలలకోసారి కూర్చుని అప్‌డేట్ చేసే తీరిక ఎవరికీ ఉండదు. 1.43 ఎల్‌టీఎస్ 2024 డిసెంబర్‌లో వచ్చింది, మూడేళ్ళు సెక్యూరిటీ సవరణలు ఇస్తారు. దానికి పీహెచ్‌పీ (మీడియావికీ రాసిన ప్రోగ్రామింగ్ భాష) 8.1 గానీ ఆ పైన గానీ కావాలి. ఉబుంటు 22.04లో 8.1 వస్తుంది, 24.04లో 8.3, డెబియన్ 12లో 8.2, కాబట్టి ఈ మూడింటిలో ఏదున్నా బయటి రిపాజిటరీలు కలపక్కర్లేదు.

ఉబుంటులో ఏమేం ప్యాకేజీలు వేసుకోవాలి?

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొట్టి అపాచీ2 (పేజీలని బ్రౌజర్‌కి పంపే వెబ్ సర్వర్), మరియాడీబీ-సర్వర్, పీహెచ్‌పీ, అపాచీకి పీహెచ్‌పీ మాడ్యూల్ వేయండి, వాటితో పాటు పీహెచ్‌పీ తోకలు కొన్ని: మైఎస్‌క్యూఎల్, ఎంబీస్ట్రింగ్, ఎక్స్ఎంఎల్, ఇంటల్, జీడీ, కర్ల్, ఏపీసీయూ. ఇందులో ఇంటల్‌ని కొందరు మర్చిపోతారు. తెలుగు వికీకి మాత్రం వదలకండి, యూనికోడ్ అక్షరాలని ఒకే రూపంలోకి తెచ్చే పని అదే చేస్తుంది. అన్నీ వేశాక అపాచీని ఒకసారి రీస్టార్ట్ చేయండి, చేయకపోతే ఎంబీస్ట్రింగ్ లేదనే అంటుంది ఇన్‌స్టాలర్.

డేటాబేస్‌కి రూట్ యూజరే ఇచ్చేస్తే అయిపోదా?

వద్దండీ. మరియాడీబీలోకి వెళ్ళి వికీ కోసం ఒక డేటాబేస్, దాని మీద మాత్రమే హక్కులున్న ఒక యూజర్, ఆ యూజర్‌కి పెద్ద పాస్‌వర్డ్ పెట్టండి, ఐదు నిమిషాల పని. ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు ఆ పేర్లే ఇవ్వండి. రేపు ఏదో ఎక్స్‌టెన్షన్‌లో (వికీకి అదనంగా వేసుకునే ముక్క) లోపం ఉండి ఎవడో లోపలికొచ్చినా, పక్కనున్న మిగతా డేటాబేసుల జోలికి పోలేడు.

ఇన్‌స్టాలర్ చివర్లో ఏదో ఫైల్ డౌన్‌లోడ్ అయింది, దాన్నేం చేయాలి?

అదే లోకల్‌సెట్టింగ్స్ ఫైలు, మీ వికీ సెట్టింగులన్నీ దాంట్లోనే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్‌లోనే వదిలేసి, సైట్ తెరిస్తే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమంటోంది అని ఫోన్ చేసినవాళ్ళున్నారు. దాన్ని సర్వర్‌కి పంపి, మీడియావికీ ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైలు ఎక్కడుందో అక్కడే పెట్టాలి. దాంట్లో డేటాబేస్ పాస్‌వర్డ్ తెరిచినట్టే కనిపిస్తుంది కాబట్టి 640 పర్మిషన్ పెట్టి, గ్రూపు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకి (అపాచీ నడిచేది ఆ పేరుతోనే) ఇవ్వండి, సాయం అడగడానికి ఆ ఫైలుని ఎక్కడా మొత్తంగా పేస్ట్ చేయకండి.

పేజీ తెరిస్తే తెల్లగా ఖాళీగా వస్తోంది, ఏం తప్పు చేశాను?

తెల్ల పేజీ అంటే పీహెచ్‌పీ ఎక్కడో ఆగిపోయింది, కారణం మాత్రం పైకి చెప్పట్లేదు. అపాచీ ఎర్రర్ లాగ్‌లో చివరి పది లైన్లు చూడండి, నూటికి తొంభైసార్లు జవాబు అక్కడే ఉంటుంది. అక్కడా అర్థం కాకపోతే లోకల్‌సెట్టింగ్స్‌లో డబ్ల్యూజీ షో ఎక్సెప్షన్ డీటెయిల్స్ అనేదాన్ని ట్రూ చేయండి, పని అయ్యాక తీసేయండి. ఎక్కువగా చూసింది ఏంటంటే లోకల్‌సెట్టింగ్స్ దిద్దుతూ చివర సెమీకోలన్ మర్చిపోవడం, లేదా వాట్సాప్‌లోంచి కాపీ చేసిన లైన్‌లో వంకర కోట్స్ రావడం. పీహెచ్‌పీకి నిటారు కోట్స్ మాత్రమే తెలుసు.

## తెలుగులో పెట్టుకోవడం

భాష తెలుగుకి మార్చాను, మొదటి పేజీ మాయమైపోయింది, పోయిందా అది?

పోలేదు. ఇన్‌స్టాల్ ఇంగ్లీషులో చేస్తే ముందు పేజీ మెయిన్ పేజ్ అనే పేరుతో తయారవుతుంది. తర్వాత లోకల్‌సెట్టింగ్స్‌లో భాషా కోడ్ తెలుగుకి మార్చగానే మీడియావికీ "మొదటి పేజీ" అనే పేరున్న పేజీ కోసం వెతుకుతుంది, అది మీ దగ్గర లేదు కాబట్టి ఖాళీ చూపిస్తుంది. పాత పేజీని "మొదటి పేజీ" అనే పేరుకి తరలించండి, చాలు. ఇంకా మొదలుపెట్టకపోతే ఇన్‌స్టాలర్ మొదటి తెరలోనే వికీ భాష తెలుగు అని ఎంచుకోండి, అక్కడ రెండు పెట్టెలుంటాయి, ఒకటి ఇన్‌స్టాల్ చేసే మీ భాష, రెండోది వికీ భాష, ఆ రెండోదే ముఖ్యం. తెలుగు ఎంచుకుంటే వర్గం, మూస, దస్త్రం, వాడుకరి, చర్చ అన్నీ తెలుగులోనే వస్తాయి, ఈ మాటలన్నీ ఏళ్ళ తరబడి కూర్చుని తెలుగు చేసినవాళ్ళకి నిజంగా చేతులెత్తి దండం పెట్టాలి.

ఒకే పేరుతో రెండు పేజీలున్నాయి, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్నాయి, ఎలా వచ్చాయి?

ఇది తెలుగు వికీలన్నిటికీ వచ్చే జబ్బు. పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక కోడ్ పెట్టే అలవాటు కొన్ని కీబోర్డులకి ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో అది అవసరమే, లేకపోతే వ వెళ్ళి ట కింద ఒత్తైపోతుంది. కానీ "స్టీల్ ప్లాంట్" అని రాసేటప్పుడు ల్ తర్వాత ఎలాగూ ఖాళీ ఉంది, అక్కడ ఆ కోడ్ ఉన్నా లేకపోయినా చూడ్డానికి తేడా రాదు. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరే పేర్లు. లైబ్రరీ వాళ్ళ వికీలో ఇలాగే ఒక పెద్దాయన ఫోన్‌లో టైప్ చేసి ఒక పేజీ, వాళ్ళ మనవరాలు ల్యాప్‌టాప్‌లో ఇంకో పేజీ మొదలుపెట్టి, ఇద్దరూ నెల రోజులు వేర్వేరుగా రాసుకున్నారు, నా పేజీలో రాసింది ఎవరో చెరిపేస్తున్నారు అని పెద్దాయన బాధపడ్డారు కూడా. రెండు పేజీల విషయం ఒకదాంట్లో కలిపి, రెండో పేజీలో ఉన్నదంతా తీసేసి #దారిమార్పు అని రాసి మొదటి పేజీ లింకు ఇవ్వండి. అనుమానం వచ్చినప్పుడు పేజీ లింకుని కాపీ చేసి టెక్స్ట్ ఎడిటర్‌లో పేస్ట్ చేయండి, శాతం గుర్తుల మధ్య ఎక్కడ %E2%80%8C కనిపిస్తుందో అక్కడ ఆ కోడ్ ఉన్నట్టు.

వాట్సాప్‌లో పంపితే లింకు చాంతాడంత వస్తోంది, చిన్నది చేయలేమా?

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, అడ్రస్‌లో ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. "విశాఖపట్నం" లెక్కపెడితే పది కోడ్లు, అంటే లింకులో తొంభై అక్షరాలు. పేజీ పేరు తెలుగులో ఉన్నంతకాలం ఇది తప్పదు, దీని కోసం పేజీ పేర్లు ఇంగ్లీషులో పెట్టొద్దని నా అభిప్రాయం. లింకు మొదటి భాగాన్ని మాత్రం తగ్గించొచ్చు, లోకల్‌సెట్టింగ్స్‌లో డబ్ల్యూజీ ఆర్టికల్ పాత్‌ని మార్చి, అపాచీలో దానికి సరిపడే రీరైట్ నియమం పెడితే ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అనేది పోతుంది. బాగా పంచుకునే పేజీలకి చిన్న ఇంగ్లీషు పేరుతో ఒక దారిమార్పు పేజీ పెట్టి ఆ లింకే పంపండి. ఇంకో సంగతి, పేజీ పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగులో అది 85 కోడ్లు, పుస్తకాల పెద్ద పెద్ద పేర్లు రాసేటప్పుడు తగులుతుంది.

భీమిలి అని వెతికితే కొన్ని పేజీలే వస్తున్నాయి, మిగతావి ఎందుకు రావట్లేదు?

మీడియావికీతో వచ్చే మామూలు సెర్చ్ పూర్తి మాటనే పోలుస్తుంది. "భీమిలి" అంటే "భీమిలి" అని విడిగా ఉన్న పేజీలే వస్తాయి, "భీమిలిలో", "భీమిలికి", "భీమిలినుంచి" అని రాసినవి రావు, మన భాషలో విభక్తి మాటకి అంటుకునే ఉంటుంది మరి. చివర నక్షత్రం పెట్టి "భీమిలి*" అని వెతికితే అవన్నీ వస్తాయి, సెర్చ్ పక్కన ఈ ముక్క రాసి పెట్టండి మీ వాళ్ళ కోసం. "ఊరు", "ఊళ్ళో" లాంటి వాటికి మాత్రం ఇదీ పనిచేయదు, మొదలే మారిపోతుంది కదా. సైరస్‌సెర్చ్ అని పెద్ద సెర్చ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, కానీ దాని వెనకాల ఇంకో సర్వీసు నడపాలి, 2 జీబీ సర్వర్ మోయలేదు, కొన్ని వందల పేజీలకి అది అక్కర్లేదు కూడా.

మా వాళ్ళకి తెలుగు టైపింగ్ రాదు, ఎలా రాస్తారు?

ఫోన్‌లో అందరూ కొట్టేస్తున్నారు, ఇబ్బంది కంప్యూటర్ దగ్గరే. యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే రాసే పెట్టెలోనే తెలుగు కీబోర్డు వస్తుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతీ ఉంది, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డూ ఉంది, వాళ్ళ కంప్యూటర్లో ఏమీ వేయక్కర్లేదు. వికీ గుర్తులు చూసి భయపడేవాళ్ళకి విజువల్ ఎడిటర్ ఆన్ చేయండి, 1.35 నుంచి అది మీడియావికీతో పాటే వస్తోంది, దాని కోసం విడిగా ఇంకో సర్వీసు నడపాల్సిన పని లేదు.

సర్వర్లో తెలుగు ఫాంట్లు వేయాలా?

చదవడానికి అక్కర్లేదు, అక్షరాలు చూపించేది చదివేవాళ్ళ ఫోనే. ఎస్‌వీజీ (గీతల కోడ్‌తో గీసే బొమ్మల ఫైలు) బొమ్మల్లో తెలుగు రాస్తే మాత్రం సర్వర్ వాటిని బొమ్మగా మార్చేటప్పుడు ఫాంట్ లేక డబ్బాలు వస్తాయి, అప్పుడు ఫాంట్స్-లోహిత్-తెలు ప్యాకేజీ వేసుకోండి.

## మనుషులు, స్పామ్, ఫోటోలు

మా సభ్యులు తప్ప ఎవరూ చూడకూడదు, రాయకూడదు, ఎలా?

లోకల్‌సెట్టింగ్స్‌లో డబ్ల్యూజీ గ్రూప్ పర్మిషన్స్ అని ఉంటుంది, దాంట్లో నక్షత్రం గుర్తు అంటే లాగిన్ కాని జనం. వాళ్ళకి రీడ్, ఎడిట్, క్రియేట్ అకౌంట్ మూడూ ఫాల్స్ చేయండి, ఖాతాలు అడ్మినే తెరిచి ఇస్తాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: ఇలా చేసినా ఫోటోల ఫోల్డర్ తెరిచే ఉంటుంది, ఫోటో లింకు తెలిసినవాడు లాగిన్ లేకుండా చూసేయగలడు. ఇంటి ఫోటోలు, సభ్యుల వివరాలు పెట్టేవాళ్ళు ఇమేజ్ ఆథ్ అనే ఫైలు గుండానే ఫోటోలు వెళ్ళేలా పెట్టి, ఇమేజెస్ ఫోల్డర్‌ని అపాచీలో నేరుగా తెరవకుండా మూసేయాలి.

రాత్రికి రాత్రి వందల పేజీలు ఎవరో మందుల ప్రకటనలతో నింపేశారు, ఏం చేయాలి?

అవి మనుషులు కాదు, బాట్లు, అంటే తమంతట తామే నడిచే ప్రోగ్రాములు. ముందు లాగిన్ లేకుండా రాయడం ఆపేయండి. తర్వాత కన్ఫర్మ్ ఎడిట్ అనే ఎక్స్‌టెన్షన్, మీడియావికీతో పాటే వస్తుంది, దాంట్లో క్వెస్టీ క్యాప్చా (రాసే ముందు ఒక ప్రశ్న అడిగేది) ఆన్ చేసి ప్రశ్న మీరే తెలుగులో పెట్టండి. లైబ్రరీ వాళ్ళకి "బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ పేరేంటి" అని పెట్టాను, ఈ ఊరివాళ్ళకి కురుసుర తెలియకపోవడం ఉండదు, బాట్లు మాత్రం ఆగిపోయాయి. జవాబులో కురుసుర, కుర్సురా, కురుసురా, ఇంగ్లీషులో రాసేది, అన్నీ ఒప్పుకునేలా పెట్టండి, లేకపోతే మనవాళ్ళే బయట ఉండిపోతారు. ఇప్పటికే పడ్డ చెత్తని ఒక్కో పేజీ తీయక్కర్లేదు, న్యూక్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఖాతా కొత్తగా పెట్టిన పేజీలన్నీ ఒకేసారి తుడవొచ్చు.

ఫోటో ఎక్కట్లేదు, సైజు ఎక్కువ అంటోంది

పీహెచ్‌పీలో మామూలు పరిమితి 2 ఎంబీ, ఇప్పటి ఫోన్ ఫోటో ఒక్కటే అంతకు మించి ఉంటుంది. పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐలో అప్‌లోడ్ మాక్స్ ఫైల్‌సైజ్ 20 ఎంబీ, పోస్ట్ మాక్స్ సైజ్ దానికంటే కొంచెం ఎక్కువ పెట్టి అపాచీ రీస్టార్ట్ చేయండి. దిద్దాల్సింది అపాచీ ఫోల్డర్లో ఉన్న ఐఎన్ఐని, సీఎల్ఐ (కమాండ్ లైన్‌కి వాడేది) ఫోల్డర్లో ఉన్నదాన్ని దిద్ది ఏం మారలేదనుకునేవాళ్ళు చాలామంది. అసలు అప్‌లోడ్ లింకే కనిపించకపోతే లోకల్‌సెట్టింగ్స్‌లో అప్‌లోడ్స్ ట్రూ చేయలేదన్నమాట, ఇమేజెస్ ఫోల్డర్‌కి ఓనర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా కావాలి.

## నడుపుతున్నప్పుడు

హెచ్‌టీటీపీఎస్‌కి డబ్బులు కట్టాలా?

అక్కర్లేదు. డొమైన్ మీ సర్వర్ ఐపీకి చూపించాక సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాం వేసి నడిపితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది, 90 రోజులకి ముగుస్తుంది కానీ సర్ట్‌బాటే తిరిగి తెచ్చుకుంటుంది. తర్వాత లోకల్‌సెట్టింగ్స్‌లో డబ్ల్యూజీ సర్వర్‌లో కూడా హెచ్‌టీటీపీఎస్ అని మార్చండి.

బ్యాకప్ ఏమేం తీయాలి?

మూడు: డేటాబేస్ డంప్ (డేటాబేస్ మొత్తం ఒక ఫైలుగా), ఇమేజెస్ ఫోల్డర్, లోకల్‌సెట్టింగ్స్ ఫైలు. డంప్ తీసేటప్పుడూ, తిరిగి ఎక్కించేటప్పుడూ డీఫాల్ట్ క్యారెక్టర్ సెట్ బైనరీ అని ఇవ్వండి, మీడియావికీ అక్షరాలని బైనరీగానే దాచుకుంటుంది. నేను మొదట్లో ఒక వికీని కొత్త సర్వర్‌కి మార్చేటప్పుడు ఇది ఇవ్వలేదు, పేజీలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు, ఆ డంప్ తప్ప ఇంకో కాపీ లేదు, పాత సర్వర్ గడువు ఇంకా నాలుగు రోజులుంది కాబట్టి మళ్ళీ తీసుకోగలిగాను. ఆ రోజు నుంచి డంప్ తీసి ఊరుకోను, నెలకోసారి ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ఒక తెలుగు పేజీ తెరిచి చూస్తాను, అక్షరాలు సరిగా కనిపిస్తేనే అది బ్యాకప్. రాత్రి రెండింటికి క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్లు నడిపేది) డంప్ పెట్టి, ఒక కాపీ వేరే ఊళ్ళో ఉన్న స్టోరేజ్‌కి వెళ్ళేలా చూడండి.

పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో చూస్తే పేజీల్లో బ్లాబ్ అని ఉంది, డేటా పాడైందా?

పాడవలేదు, పీహెచ్‌పీమైఅడ్మిన్ అంటే బ్రౌజర్‌లో డేటాబేస్ చూసే పనిముట్టు, బైనరీగా దాచినవి దాంట్లో అలాగే కనిపిస్తాయి. అక్కడ చేత్తో ఏమీ దిద్దకండి, కొలేషన్ (అక్షరాలని పోల్చి వరస పెట్టే పద్ధతి) మార్చమని ఎవరైనా సలహా ఇచ్చినా మార్చకండి.

కొత్త వెర్షన్‌కి ఎలా మారాలి?

బ్యాకప్ తీసి, కొత్త వెర్షన్‌ని వేరే ఫోల్డర్లో విప్పి, లోకల్‌సెట్టింగ్స్, ఇమేజెస్ దాంట్లోకి తెచ్చి, మీరు విడిగా వేసుకున్న ఎక్స్‌టెన్షన్లకి కొత్త వెర్షన్‌కి సరిపడేవి దించుకుని, మెయింటెనెన్స్ ఫోల్డర్లో రన్ స్క్రిప్ట్‌తో అప్‌డేట్ నడపండి. పాత ఫోల్డర్ మీదే విప్పితే పాత ఫైళ్ళు మిగిలిపోయి వింత వింత ఎర్రర్లు వస్తాయి. 1.35 నుంచి అయితే 1.43కి నేరుగా ఎక్కొచ్చు, అంతకంటే పాతదైతే ముందు 1.35కి ఎక్కి తర్వాత రావాలి.

అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయాను, మెయిల్ కూడా పెట్టలేదు

సర్వర్‌లోకి వెళ్ళగలిగితే చాలు. మెయింటెనెన్స్ రన్ స్క్రిప్ట్‌కి ఛేంజ్ పాస్‌వర్డ్ అని, యూజర్ పేరు, కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి.

వికీ చూసుకునే అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఇప్పుడెలా?

మన ఊళ్ళో వికీలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, సర్వర్ చెడిపోయి కాదు. డొమైన్ అతని సొంత మెయిల్ మీద ఉంటుంది, క్లౌడ్ బిల్లు అతని కార్డు మీద పోతుంది, ఏడాది తిరిగేసరికి ఏదో ఒకటి రెన్యూ అవ్వదు. అతను బండెక్కే ముందే డొమైన్, క్లౌడ్ రెండూ గ్రూపు పేరు మీదున్న మెయిల్‌కి మార్పించుకోండి. వికీలో అధికారి (బ్యూరోక్రాట్) హోదా కనీసం ఇద్దరికి ఇప్పించండి. సర్వర్‌లోకి వెళ్ళే కీ, డేటాబేస్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఎక్కడికి వెళ్తుందో ఒక కాగితం మీద రాసి గ్రూపులో పెద్దవాళ్ళ దగ్గర కవర్లో ఉంచండి. తర్వాత ఒక ఆదివారం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతను కీబోర్డు ముట్టుకోకుండా, కొత్తగా చూసుకోబోయేవాళ్ళ చేత బ్యాకప్‌నుంచి వికీ మొత్తం ఇంకో మెషిన్ మీద లేపించండి.